మాల్టా లెక్క

అక్టోబర్ 2, గురువారం

మొత్తానికి మా అమ్మాయి ఉమ పీఎస్ఎల్ఈ నిన్నటితో గట్టెక్కింది. ఈ సింగపూర్‌లో పన్నెండేళ్ళ పిల్లలు రాసే ఆ పరీక్ష కోసం ఏడాదిగా మా ఇంట్లో టీవీకి కర్ఫ్యూ. నేను దగ్గాలన్నా ఉమ లెక్కల పేపరు పూర్తయ్యాకే. ఇవాళ సెలవు పెట్టాను. ముగ్గురం బారెడు పొద్దెక్కాక లేచాం.

సుచిత్ర నా పళ్ళెంలో పెసరట్టు వేసి, స్టవ్ ఆపేసి, ఎదురుగా కూర్చుంది. మా ఆవిడ పిండి మిగిలుండగా స్టవ్ ఆపిందంటే విషయం చిన్నది కాదు.

“మాల్టాలో జాబ్ వచ్చిందండి. బ్లూఫిన్ ట్యూనా ఫార్మ్‌లో. చేపల మేత అంతా నేనే చూసుకోవాలి. రెండేళ్ళ కాంట్రాక్టు. నెలాఖరులోపు చెప్పమన్నారు,” అంది. “ఉమ పరీక్షలయ్యేదాకా ఆగుదామని మీకు చెప్పలేదు. మీరూ వస్తారా?”

ఇలాంటప్పుడు ఒక మొగుడు అనదగ్గ మాటలు చాలానే ఉన్నాయి. సంతోషమనొచ్చు. ఎప్పుడు ఇంటర్వ్యూ ఇచ్చావనొచ్చు. కనీసం పెసరట్టు బాగుందనొచ్చు. నేను, “ట్యూనా పట్టడానికి మాల్టా కోటా ఎంతనుకున్నావు?” అన్నాను.

అక్కడితో ఆగానా, లేదు. జపాన్ ఎంత పడుతుంది, మెక్సికో బోనుల్లో ఎంత పెంచుతుంది, ఆస్ట్రేలియాలో ఏ ఊరి చుట్టూ ఆ వ్యాపారమంతా తిరుగుతుంది, స్పెయిన్ ఎక్కడ, టర్కీ ఎక్కడ, అన్నీ చెప్పాను. నాకు జీతమిచ్చేది అవి చెప్పినందుకే మరి. సింగపూర్ పట్టేది సున్నా, తినేది దండిగా అని ఒక జోకు కూడా వేశాను. సుచిత్ర అంతా విని, “సరేనండి,” అని లేచి మళ్ళీ స్టవ్ వెలిగించింది.

నాకేం అభ్యంతరం లేదు. తర్వాత ఎవరైనా ఉందంటారేమోనని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

అక్టోబర్ 3, శుక్రవారం

నాకేం అభ్యంతరం లేదు. ఇవాళ కూడా లేదు.

అక్టోబర్ 6, సోమవారం

సముద్రం కనపడని గదిలో కూర్చుని, ప్రపంచంలో ఏ దేశం ఎన్ని చేపలు పట్టిందో చెప్పే ఆఫీసు మాది. సైన్స్ పార్క్‌లో ఉంది. పేరుకు తగ్గట్టు చుట్టూ సైన్స్, మధ్యలో మేం. నేను ఇంతవరకూ బతికున్న బ్లూఫిన్‌ని చూసిన పాపాన పోలేదు. అయినా దాని గురించి నేనేమంటానోనని రెస్టారెంట్ల వాళ్ళు, కోల్డ్ స్టోరేజీల వాళ్ళు ఎదురు చూస్తుంటారు.

మా బాస్ మిస్టర్ టియో నా కుర్చీ వెనక నిలబడి, “గణపతి, కంట్రీ-వైజ్ బ్లూఫిన్ రిపోర్ట్. ఎండ్ ఆఫ్ ద మంత్. క్యాన్?” అన్నాడు. క్యాన్ అన్నాను. ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు కనిపెట్టలేదు. ఈ నెలాఖరుకు అందరికీ అన్నీ కావాలి.

పక్క సీటు లుబ్నా హైదరాబాదు పిల్ల, మా టీమ్‌లో ఏడాదిన్నరగా ఉంటోంది. కిందటేడు ఇదే రిపోర్టులో ఒకే చేపను రెండుసార్లు లెక్కేసింది. పాపం తన తప్పేం లేదు, ఈ చేపే అలాంటిది. వేసవి మొదట్లో ఫ్రాన్స్ వాళ్ళ ఓడో, ఇటలీ వాళ్ళ ఓడో నడిసముద్రంలో వల చుట్టి దాన్ని ప్రాణంతో పడుతుంది. నీళ్ళలోంచి పైకి తీయకుండానే ఒక తేలే బోనులోకి తోలుతారు. ఆ బోనును నత్తనడకన వారాల తరబడి లాక్కెళ్ళి మాల్టా దీవి దగ్గర కట్టేస్తారు. అక్కడ నెలల తరబడి మేపి, కొవ్వు పట్టాక జపాన్‌కు అమ్ముతారు. పట్టిన దేశం నాదే అంటుంది, మేపిన దేశం నాదే అంటుంది. ఓడల జెండాలు చూసి లెక్కేస్తే మాల్టా పిసరంత. బోనుల్లోంచి బయటకొచ్చే సరుకు చూసి లెక్కేస్తే కొండంత.

అప్పుడు లుబ్నాకు ఒక పూట క్లాసు పీకాను. “పట్టిందెవరో చూడటం సగం పని. మేపిందెవరో కూడా చూడాలమ్మా,” అన్నాను. ఆ ముక్కను ఆ పిల్ల కాగితం మీద రాసి తన మానిటర్‌కు అతికించుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఇవాళ నేను దాని వైపు చూడలేదు, పని ఎక్కువగా ఉండి.

అక్టోబర్ 8, బుధవారం

ఇంట్లో ఎవరూ మాల్టా ఊసెత్తలేదు. చాలా ప్రశాంతంగా ఉంది. ఫ్రిజ్ శబ్దం కూడా వినపడుతోంది.

అక్టోబర్ 9, గురువారం

అత్తగారు అరుణమ్మ గారు భీమవరం నుంచి ఫోన్ చేశారు. నాకు దేవుడే ఫోన్ చేసినట్టనిపించింది. కూతురు మొగుణ్ణి, పిల్లని వదిలి అంత దూరం ఎలా వెళ్తుందని ఆవిడే అడుగుతారు, నేను మాత్రం విశాల హృదయంతో పోన్లెండి అత్తయ్యా అంటాను. ఇదీ నా ప్లాను.

“ఏవండీ అల్లుడుగారూ, విన్నారా మన సుచిత్ర సంగతి,” అన్నారావిడ. “చదివిన చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. ఇక్కడ మేత ఫ్యాక్టరీలో చేసేప్పుడు చెరువుల వాళ్ళు కారేసుకుని మరీ వచ్చేవోరు దీని కోసం. మీకు గుర్తుండే ఉంటదిలెండి.”

గుర్తులేదు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు అది ఆడపిల్ల సరదాకు చేసే ఉద్యోగం అని నాకెవరో చెప్పారు. ఎవరో కాదు, నాకు నేనే చెప్పుకున్నాను.

“మరి ఉమ?” అన్నాను ఆశగా.

“దానికేం, పెద్దదైంది. మీరున్నారు కదా. మీకు అన్నం వండుకోడం వచ్చు కదండీ?” అన్నారు. కూతురి కోసం అప్పుడే స్వెట్టరు కూడా కొనేశారట. మాల్టాలో అంత చలి ఉండదని, సగటు ఉష్ణోగ్రతలతో సహా వివరించాను. ఆవిడ పూర్తిగా విని, “అయితే పల్చటిది కొంటాన్లెండి,” అన్నారు.

అక్టోబర్ 11, శనివారం

జురాంగ్ ఈస్ట్‌లో ఒక జపనీస్ సూపర్‌మార్కెట్లో ట్యూనా కోత ప్రదర్శన ఉందంటే ముగ్గురం వెళ్ళాం. నేనే తీసుకెళ్ళాను. భార్య కెరీర్‌ను ప్రోత్సహించే మనిషిని కదా.

బల్ల మీద ఒక బ్లూఫిన్‌ని పడుకోబెట్టారు. నా కంటే పొడుగు, నా కంటే నిగనిగలాడుతోంది. ఒకాయన కత్తి తీసి అందరికీ చూపించి దండం పెట్టాడు. మైకు పట్టుకున్న అమ్మాయి ఏదో అరిచింది, జనం చప్పట్లు కొట్టారు, ఫోన్లన్నీ ఒకేసారి పైకి లేచాయి. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు కూడా ఇంత తోపులాట చూడలేదు. ఉమ ముక్కు మూసుకుని, “సో గ్రోస్ లా, డాడీ,” అంటూ నా వెనక్కి చేరింది.

కోసేవాడు పొట్ట భాగం తెరిచాడు. లోపల మాంసం ఎర్రగా కాదు, తెల్లటి కొవ్వు చారలతో లేత గులాబీ రంగులో ఉంది. సుచిత్ర జనాన్ని తోసుకుని ముందుకెళ్ళింది. మా ఆవిడ, ఎంఆర్‌టీ రైల్లో ఎవరి కాలైనా తగిలితే తనే సారీ చెప్పే మనిషి, మోచేతులతో దారి చేసుకుని ముందుకెళ్ళింది. బల్ల అంచు పట్టుకుని వంగి చూసి, తనలో తనే, “మేత ఎంత బాగా పట్టిందో,” అంది.

ఆ ముఖం నేను ఇదివరకు చూడలేదు. పదమూడేళ్ళుగా మేం ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం, ఆ ముఖం ఎప్పుడూ ఇంట్లోకి రాలేదు. ఒక చచ్చిన చేప మీద అసూయ పడటం నాకిదే మొదటిసారి.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో సుచిత్రకు సీటు దొరికింది. మేమిద్దరం కాస్త దూరంగా తలుపు దగ్గర నిలబడ్డాం. ఉమ నెమ్మదిగా, “అమ్మ ఈజ్ గోయింగ్, రైట్?” అంది.

“ఎవరు చెప్పారు నీకు?”

“నోబడీ సే. అమ్మ ఫేస్ చూస్తే కెన్ సీ ఆల్రెడీ, వాట్.”

అక్టోబర్ 14, మంగళవారం

ఒక ఆలోచన వచ్చింది. సుచిత్ర తొందరపడి నిర్ణయం తీసుకోకూడదు. అన్ని వైపులా చూసి, చల్లగా ఆలోచించుకుని తీసుకోవాలి. అందుకు సమాచారం కావాలి. సమాచారం ఇవ్వడం నా వృత్తి. కాబట్టి ఇంట్లో చూపించడానికి ఒక చిన్న ప్రెజెంటేషన్ తయారు చేస్తున్నాను. ఎటూ మొగ్గకుండా, ఒక క్లయింటుకు ఎలా చేస్తామో అలా.

మొదటి స్లైడు పేరు: బ్లూఫిన్ ఉత్పత్తిలో దేశాల స్థానం. రంగులు బాగా కుదిరాయి.

అక్టోబర్ 15, బుధవారం

దేశాల వారీగా ఎవరి ఓడలు ఎంత పట్టాయన్న లెక్కే వాడుతున్నాను. బోనుల్లోంచి వచ్చే లెక్క కలిపితే గందరగోళమవుతుంది. వినేవాళ్ళకు సులువుగా ఉండాలి. ఇది అధికారిక లెక్క. ఇందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు.

అక్టోబర్ 18, శనివారం

ప్రెజెంటేషన్ అయింది.

హాల్లో టీవీకి లాప్‌టాప్ తగిలించాను. సుచిత్ర జంతికల డబ్బా తెచ్చుకుని సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుంది. ఉమ కింద కూర్చుంది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, ఎందుకో నాకే తెలీదు.

జపాన్ ఒక పెద్ద నీలం గుండ్రం. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, మొరాకో తలా ఒక గుండ్రం. మాల్టా ఒక చుక్క. ఆ చుక్క మీద కర్ర పెట్టి, “ఇదీ పరిస్థితి,” అన్నాను బాధగా. ఇంత చిన్న పరిశ్రమ రేపు ఉంటుందో లేదో, కోటా కాస్త కోస్తే కంపెనీ ఏమవుతుందో, మనలాంటి వాళ్ళు ఆలోచించుకోవాలి కదా, అన్నాను. మనలాంటి వాళ్ళు అనే మాట నాకు ఎప్పుడూ బాగా పనికొస్తుంది.

సుచిత్ర నమలడం ఆపింది. “ఇందులో బోనుల్లో చేపలేవండీ?” అంది.

“అంటే, ఇది ఓడల లెక్క.”

“అది తెలుస్తోందండి. మాల్టా ఓడలు పట్టేది ఎంతని, మహా అయితే నాలుగు వందల టన్నులుంటుందేమో. మిగతా వాళ్ళందరూ పట్టి తెచ్చి మేపేది అక్కడే కదా. నన్ను పిలిచిందీ మేపడానికేగా. మీ బొమ్మలో ఆ మేపడమే లేదు.”

నేను స్లైడు మార్చాను. తర్వాతి స్లైడు వాతావరణం గురించి.

సుచిత్ర నవ్వింది. మొదట నిజంగానే నవ్వు వచ్చినట్టు నవ్వింది, అది మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. “మీకు తెలీక చేసేరా, తెలిసే చేసేరా?” అని అడిగింది.

“డేటా అలా ఉంది,” అన్నాను.

“ఉమా, నువ్ లోపలికెళ్ళు తల్లీ,” అంది. ఉమ కదల్లేదు. సుచిత్ర కూడా రెండోసారి చెప్పలేదు. టీవీ వైపే చూస్తూ మాట్లాడింది. “ఇక్కడికొచ్చినప్పుడు నా పాస్ మీద డిపెండెంట్ అని ఉండేది. మనకి ఇక్కడే ఉండిపోడానికి పీఆర్ వచ్చేదాకా ఎవరైనా మీ మిసెస్ ఏం చేస్తారంటే, ఏం చేయదు, ఇంట్లోనే ఉంటది అనేవారు మీరు. నేను పక్కనే నిలబడి ఉండేదాన్ని. ఆ లెక్క కూడా మీరు ఇలాగే వేసుకుని ఉంటారు, సంపాదించింది ఎవరని. మిమ్మల్నిద్దర్నీ ఇన్నేళ్ళు చూసుకున్నది ఏ లెక్కలో రాసేరండీ?”

లాప్‌టాప్ తనంతట తనే స్క్రీన్ ఆపేసుకుంది. దానికున్న సంస్కారం నాకు లేదు.

అక్టోబర్ 19, ఆదివారం

లుబ్నా తప్పు చేసింది తెలియక. ఆ మాట రాద్దామని పుస్తకం తెరిచాను. ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

అక్టోబర్ 20, సోమవారం, దీపావళి

బాబ్జీ, భ్రమరాంబ భోజనానికి వచ్చారు. పక్క బ్లాకులో ఉంటారు. బాబ్జీది నరసాపురం, షిప్‌యార్డులో సేఫ్టీ ఆఫీసరు. ఎక్కడ ప్రమాదం ఉందో ఇట్టే పసిగడతాడు. ముద్దపప్పు కలుపుకుంటూనే, “మేడమ్ గారు మాల్టా అంటగదా, మరి తమరి సంగతేంటి గురువుగారూ?” అన్నాడు.

“నేనే పంపిస్తున్నానయ్యా,” అన్నాను. ఎంత హాయిగా అన్నానంటే నాకే నమ్మకం కుదిరింది. “టాలెంట్ ఉన్న మనిషి. ఎన్నాళ్ళని ఇంట్లో కూర్చోబెడతాం?”

భ్రమరాంబ నన్ను చాలా గౌరవంగా చూసింది. తన మొగుడు తనను ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్న లిటిల్ ఇండియాకు కూడా ఒంటరిగా పంపలేదట. వంటింట్లో నెయ్యి కాస్తున్న సుచిత్ర గరిటెతో బయటకు వచ్చి, నా పళ్ళెంలో నెయ్యి వేసింది. కావలసిన దానికంటే ఎక్కువ వేసింది. ముఖంలోకి చూడలేదు.

అక్టోబర్ 22, బుధవారం

ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. సుచిత్ర నన్ను రమ్మని మళ్ళీ అడుగుతుంది. మొదటిసారి అడిగినప్పుడు నేను సరిగ్గా వినే స్థితిలో లేను, ఆ సంగతి తనకూ తెలుసు. ఈసారి అడిగితే వెంటనే ఒప్పుకోను. రెండు రోజులు ఆలోచించుకుంటానంటాను. ఆ తర్వాత, ఉమ కోసం, అని ఒప్పుకుంటాను. నా పని ఎక్కడ నుంచైనా చేయొచ్చు. టియోను ఒప్పించడం పెద్ద విషయం కాదు.

అక్టోబర్ 23, గురువారం

అడగలేదు. పండగ అలసట అయ్యుంటుంది.

అక్టోబర్ 25, శనివారం

అడగలేదు. ఫ్రీజర్ ఖాళీ చేస్తోంది. ఎప్పుడో కొన్న చేపముక్కలు, ఎవరో ఇచ్చిన గోంగూర ముద్ద అన్నీ బయటపెట్టి, ఉమకు ఏది ఎలా వండాలో చెబుతోంది. ఉమకు, నాకు కాదు. నేను పక్కనే నిలబడి నీళ్ళు తాగుతున్నాను. ఎంతసేపని తాగుతారు, కడుపు నిండిపోయింది.

అక్టోబర్ 28, మంగళవారం

రిపోర్టు టియోకు ఇచ్చేశాను. ఈసారి బోనుల లెక్క, ఓడల లెక్క రెండూ వేశాను, ఏ చేపా రెండుసార్లు పడకుండా. ఆస్ట్రేలియా వాళ్ళు కుర్రచేపల్ని పట్టి సార్డీన్లు వేసి మేపడం, క్రొయేషియా వాళ్ళు ఇంకా చిన్నవాటిని తెచ్చి ఏళ్ళ తరబడి పెంచడం, జపాన్ వాళ్ళు కొన్ని గుడ్డు నుంచి పెంచడం, అన్నిటికీ విడిగా చోటిచ్చాను. మాల్టా ఎంత పెద్దదో అంత పెద్దగా వచ్చింది. టియో “గుడ్, గుడ్” అని రెండుసార్లన్నాడు. ఆయన నోట్లోంచి అది బోనస్‌తో సమానం.

లుబ్నా నా స్క్రీన్ చూసి కుర్చీ దగ్గరకు లాక్కుంది. “ఏంది భాయ్, ఇక్కడ మాల్టా ఇంత పెద్దగుంది. ఇంట్ల చూపించినప్పుడు చుక్క లెక్క పెట్టినవంట కదా?”

“నీకెవరు చెప్పారు?”

“సుచిత్రా బాజీ. దీపావళికి విష్ చేద్దామని ఫోన్ చేసిన.” గొంతు తగ్గించింది. “ఏడ్సింది భాయ్. నేనెప్పుడూ ఆమె ఏడుస్తుంటే వినలే.”

నా దగ్గర ఏడవలేదు. నేను ఇంట్లోనే ఉన్నాను, ఆ రోజంతా.

అక్టోబర్ 30, గురువారం

అడగలేదు.

అక్టోబర్ 31, శుక్రవారం

సెలవు పెట్టాను. ఉమ స్నేహితురాలింటికి వెళ్ళింది. “టీ తాగడానికి హాకర్ సెంటర్‌కి వెళ్దామా?” అంటే సుచిత్ర చెప్పులేసుకుని వచ్చింది. బుకిట్ బటోక్‌లో మేం ఎప్పుడూ కూర్చునే బల్లను ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసేసుకున్నారు, అంటే తమదని ఆపేసుకున్నారు. ఈ దేశంలో పది టిష్యూ కాగితాలకున్న హక్కు మొగుడికి లేదు. ఫ్యాన్ లేని బల్ల దగ్గర కూర్చున్నాం.

టీ వచ్చింది. “ఇవాళే కదా ఆఖరు రోజు,” అన్నాను.

“నిన్ననే ఒప్పుకున్నట్టు చెప్పేశానండి. ఎనిమిదో తారీకుకి టికెట్ పంపుతారంట. బోనుల్లోంచి చేపలు తీసే పట్టుబడి సీజన్ మొదలైపోయింది, తొందరగా రమ్మంటున్నారు.”

“ఎంతమందికి?”

“ఒక్కదానికే.”

టీ కప్పును తిప్పాను. “నువ్వు మళ్ళీ అడుగుతావనుకున్నాను, నన్ను రమ్మని.”

“ఒకసారి అడిగాను కదండీ.”

“నేను వస్తాను, సుచిత్రా.” అనేశాను. రెండు రోజుల గడువూ అడగలేదు, ఉమ కోసమనీ అనలేదు. ఎంతో ముచ్చటగా తయారు చేసి పెట్టుకున్న బెట్టంతా దండగైంది.

పక్క బల్ల దగ్గర పెద్దాయన ఒకడు మా వైపు చూసి మళ్ళీ తన నూడుల్స్ చూసుకున్నాడు. సుచిత్ర మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, అదే నాకు భయమేసింది.

“ఇప్పుడొద్దండి. నేను అడిగిన రోజు నిజంగానే రమ్మని అడిగాను. మీరూ ఉంటే బావుంటదనిపించింది. ఇప్పుడలా లేదు. మీరొస్తే మొదటి రోజు నుంచీ ఆ ఊరి గురించి, ఆ చేపల గురించి నాకే చెప్తారు. నేను ఏదన్నా తప్పు చేస్తే, చెప్పానా అంటారు. అనకపోయినా మీ ముఖం అంటది. ఈ సీజన్ నన్ను ఒక్కదాన్నే చేసుకోనివ్వండి. ఉమ రిజల్టు చూసి, స్కూల్ ఏదొస్తదో చూసి, అప్పుడు ఆలోచిద్దాం.”

“ఉమ గురించా, నా గురించా?”

“అందరి గురించీ,” అంది. కప్పులో చల్లారిన టీ అంతా ఒకేసారి తాగేసింది.

నవంబర్ 1, శనివారం

భార్య వెంట డిపెండెంట్‌గా వెళ్తానని మొగుడు నోరు తెరిచి అడిగితే వద్దన్న ఇల్లాలు ఈ బ్లాకు మొత్తంలో మా ఇంట్లోనే ఉంటుంది. ఇలాంటి రికార్డులు నేను తేలిగ్గా సాధిస్తాను.

పొద్దున్నుంచీ పదిసార్లు ఇదే జోకు లోలోపల తిరగేశాను. ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

నవంబర్ 4, మంగళవారం

సాంబారు పెట్టాను. ఉమ రెండు ముద్దలు తిని, “నాట్ బ్యాడ్ లా,” అంది. సుచిత్ర ఉప్పు తక్కువైందని చెప్పలేదు. తక్కువైంది. మామూలుగా అయితే చెప్పేది.

నవంబర్ 5, బుధవారం

పెట్టెలు హాల్లో ఉన్నాయి. ఉమ ఒకదాని మీద కూర్చుని ఫోన్ చూస్తోంది. లేచి సోఫాలో కూర్చోమంటే కూర్చోవడం లేదు.

నవంబర్ 8, శనివారం

ఇప్పుడే ఎయిర్‌పోర్టు నుంచి వచ్చాం. ఉమ స్నానానికి వెళ్ళింది. మర్చిపోతానని కాదు, రాయకపోతే దీన్ని కూడా ఏదో ఒక జోకు చేసేస్తానని రాస్తున్నాను.

చాంగీలో అందరూ నవ్వుతూనే ఉంటారు, అది ఆ ఎయిర్‌పోర్టు రూలు కాబోలు. నేను కూడా రూలు పాటించాను. పెట్టె తూకం వేసినప్పుడు, “ఇందులో ఉన్నదంతా ఆవకాయేనని చెప్పకు, మాల్టా దిగుమతుల లెక్క మారిపోతుంది,” అన్నాను. కౌంటర్ దగ్గర, “ట్యూనాలకు మన మేత అలవాటు చేయకు, పాపం జపాన్ వాళ్ళు కారం తినలేరు,” అన్నాను. ఉమ కాస్త నవ్వింది. సుచిత్ర వింటూ నడిచింది, అంతే.

లోపలికి వెళ్ళే తలుపు దగ్గర ఉమను గట్టిగా పట్టుకుంది. ఉమ, “గో లా అమ్మా, లేటర్ యూ మిస్ ద ఫ్లైట్,” అంటూనే వదల్లేదు. ఆ తర్వాత సుచిత్ర నా వైపు తిరిగింది. నేను ఇంకేదో అనబోయాను.

“ఏవండీ,” అంది. “జోకు వెయ్యకుండా ఒక్క మాట చెప్పండి. ఒక్కటే.”

చెప్పడానికి నోరు తెరిచాను. నాలుక చివరికి వచ్చినవన్నీ జోకులే. ఒకదాన్ని మింగితే ఇంకోటి వచ్చింది. మా వెనక ఎవరో ట్రాలీతో దారి అడిగారు, ముగ్గురం పక్కకు జరిగాం. సుచిత్ర గడియారం చూసుకోలేదు. నేను చెప్పేదాకా అలాగే నిలబడేటట్టుంది. ఇన్నేళ్ళలో నా నోటి నుంచి ఒక మాట కోసం తను అలా నిలబడటం నేను ఎప్పుడైనా గమనించానో లేదో నాకు తెలియదు.

“భయంగా ఉంది,” అన్నాను. “అక్కడ నీకు బాగుండి, ఇక నువ్వు తిరిగి రావేమోనని భయంగా ఉంది.”

సుచిత్ర నా చొక్కా కాలరు సరిచేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

“నాక్కూడా అదే భయమండీ,” అంది.

పాస్‌పోర్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఉమ నా చేయి పట్టుకుంది.